వానాకాలంలో ఎండాకాలం పాఠం

ఎండాకాలం పాఠం చెప్పే రోజున బయట వాన పడుతుంటుంది. మన బళ్లలో ఏటా జరిగే తంతే ఇది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ దాదాపుగా ఏప్రిల్ 24న వేసవి సెలవులు మొదలై, జూన్ 12న బడిగంట మళ్లీ మోగుతుంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1కి కేరళ చేరి, ఇంకో వారం పది రోజుల్లో మన పొలాల మీదికి వస్తాయి. కొత్త పుస్తకాల వాసన, తడిసిన మట్టి వాసన పిల్లల ముక్కుకు కలిసే తగులుతాయి. ఇక 'కాలాలు' పాఠం మొదలయ్యేనాటికి వరండాలో గొడుగులు నీళ్లోడుతుంటాయి. లోపల టీచరమ్మ సూర్యుడి బొమ్మ మీద స్కేలు ఆనించి, "ఎండాకాలంలో మామిడిపళ్లు తింటాం, నూలు బట్టలు వేసుకుంటాం" అంటుంది. నలభై గొంతులు అదే మాట తిరిగి అంటాయి. ముప్పావుగంటలో ఏడాది మొత్తం అయిపోతుంది.

ఎండాకాలం ఒక్కటే కాదు. భోగిమంటలు, గాలిపటాలు సంక్రాంతి సెలవుల్లో వస్తాయి. తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చి బతుకమ్మ పేర్చేది దసరా సెలవుల్లో. వాన మరీ ముంచుకొస్తే కలెక్టరుగారు సెలవు ప్రకటిస్తారు. కాలం తన అసలు ముఖం చూపించిన ప్రతిసారీ బడికి తాళం పడి ఉంటుందన్నమాట. ఏడాది మొత్తంలో బడి తనంతట తాను కాలాన్ని ఒప్పుకునేది ఒక్కసారే. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టినప్పుడు. ఈ సంగతి ఏ చార్టు మీదా ఉండదు గానీ, ఒకటో తరగతి పిల్లాడికి ఎండలొచ్చాయని నమ్మకంగా తెలిసేది దానివల్లే.

చార్టు అంటే గుర్తొచ్చింది. ప్లేస్కూళ్ల గోడలకు వేలాడే నాలుగు గళ్ల కాలాల చార్టును ఒకసారి తీరిగ్గా చూడాలి. మొదటి గడిలో గులాబీరంగు పూలచెట్టు, రెండోదాంట్లో సముద్రపొడ్డున గొడుగు, మూడోదాంట్లో ఎర్రగా పండి రాలుతున్న ఆకులు, నాలుగోదాంట్లో క్యారెట్ ముక్కు పెట్టుకున్న మంచుమనిషి. వాన గడి ఎక్కడా కనబడదు. తెలుగువాడికి అన్నం పెట్టే కాలానికే అందులో చోటు లేదు.

ఆ చార్టు అబద్ధమేమీ కాదు, ఊరు మారిందంతే. లండన్‌లో జూన్‌లో పగలు పదహారున్నర గంటలుంటే, డిసెంబర్‌లో ఎనిమిది గంటలైనా ఉండదు. అంత తేడా ఉన్నచోట ఆకులు పండి రాలడం, మంచు కురవడం పిల్లలకు కళ్లెదుటి సంగతులు. హైదరాబాద్‌లో అతి పొడవైన పగలు పదమూడు గంటల పైచిలుకు, అతి చిన్నది పదకొండు గంటల పైచిలుకు. ఇక్కడ ఏడాదిని మలుపు తిప్పేది వెలుతురు కన్నా ఎక్కువగా నీళ్లు. అక్టోబర్‌లో మన చెట్లు వానలు తాగి నిండు పచ్చగా ఉంటాయి. ఆకులు రాలేది నేల ఎండిపోయాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. టేకు అడవి బోసిపోతుంది, మోదుగ ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా నిప్పులాంటి పూలు పూస్తుంది. ఇక మంచుమనిషి సంగతి. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో చలి ఒక్కోసారి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. బయట పడుకున్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. అక్కడైనా పిల్లలు పొద్దున లేచి చూసేది పొగమంచే తప్ప, క్యారెట్ ముక్కు పెట్టడానికి వీలైన మంచు కాదు.

అయితే ఏం, పిల్లలు నేర్చుకోకూడదా? నేర్చుకోవచ్చు. కానీ ముందుగా నేర్పేది ఏమిటన్నదే అసలు చిక్కు. అక్టోబర్‌లో ఆకులు రాలతాయని చార్టు చెప్తుంది. కిటికీలోంచి చూస్తే కానుగచెట్టు కళకళలాడుతుంటుంది. పరీక్షలో మార్కులు పడేది చార్టుకు. అయిదేళ్లకే తన కళ్లను నమ్మొద్దన్న పాఠం ఒకటి పిల్లకు వంటబడుతుంది. కాలాల పాఠంలో అన్నింటికన్నా బాగా వంటబట్టేది అదే కావడం విచారించాల్సిన విషయం.

ఈ మాట అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ఉత్సాహంగా ముందుకొస్తారు. "అందుకే మన ఆరు ఋతువులు చెప్పాలి" అంటారు. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. మాటలు అందంగా ఉన్నాయి, పిల్లల నోట మరీ అందంగా ఉంటాయి. కానీ పంచాంగం ప్రకారం గ్రీష్మమంటే జ్యేష్ఠ, ఆషాఢ మాసాలు. అంటే ఇంచుమించు మే చివరి నుంచి జులై దాకా. అందులో సగానికి పైగా మనకు గొడుగులు పట్టుకుని తిరిగే రోజులే. రెంటచింతల, రామగుండం పేర్లు వార్తల్లో మోగే అసలైన మండుటెండలు వైశాఖంలో ఉంటాయి. పంచాంగం లెక్కన అది వసంత ఋతువు. పైగా చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే కాబట్టి నెలలు ఏటా పదకొండు రోజులు వెనక్కి జారుతూ, సుమారు రెండున్నరేళ్లకు పైగా గడిచాక ఒక అధికమాసంతో మళ్లీ సర్దుకుంటాయి. 2023లో అధిక శ్రావణం అలా వచ్చిందే. ఈ లెక్క నోములకు, పండగలకు సరిపోతుంది. "ఇప్పుడు ఏ కాలం?" అని అడిగిన పిల్లకు జవాబు చెప్పడానికి చాలదు.

నిజానికి కాలాలను ఎవరి పనికి తగ్గట్టు వాళ్లు పంచుకున్నారు. వాతావరణ శాఖకు నాలుగు: జనవరి, ఫిబ్రవరి శీతకాలం, మార్చి నుంచి మే దాకా వేసవి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, ఆ తర్వాత మూడు నెలలు ఈశాన్యం. నాయనమ్మకు మూడు: ఎండ, వాన, చలి. కాళిదాసుకు ఆరు, కానీ ఋతుసంహారాన్ని ఆయన మొదలుపెట్టింది గ్రీష్మంతో, ముగించింది వసంతంతో. గుండ్రంగా తిరిగేదానికి మొదలు ఎక్కడైనా పెట్టుకోవచ్చని ఆయనకు తెలుసు. రైతుకు ఇరవై ఏడు.

ఇన్ని లెక్కలు పక్కన పెట్టినా, ఊరూరికీ తేడా ఉండనే ఉంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్య కురుస్తుంది. అక్కడి పిల్లకు వానాకాలమంటే దీపావళి టపాకాయలు ఎండబెట్టుకోలేక ఏడ్చే కాలం. జూన్, జులైల్లో వానలు దంచికొడతాయని పుస్తకం చెప్తే ఆ పిల్ల ఊరికే తలూపాలి. దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో, వానాకాలమంటే మబ్బులు వచ్చి వెళ్లిపోవడం చూసే కాలం అనే పిల్లలూ ఉంటారు. ఉత్తరాంధ్ర తీరంలో అక్టోబర్ అంటే తుఫాను భయం. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబర్ 12న. ఆ రోజు ఇళ్లలో ఉన్న పిల్లలకు శరత్తంటే వెన్నెల అని ఎవరు చెప్పినా నమ్మించలేరు.

రైతు లెక్క దగ్గరికి వద్దాం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. చిన్నపిల్లలకు కాలం చెప్పడానికి ఇంతకన్నా సరైన కొలత ఇంకొకటి కనిపించదు. ఎందుకో ఆలోచిస్తే తెలుస్తుంది. నాలుగేళ్ల పిల్ల పుట్టాక చూసిన చలికాలాలు నాలుగే. అందులో రెండు ఉయ్యాలలోనే గడిచాయి, ఒకటి మరిచిపోయింది. గుర్తున్నది ఒక్కటి. "ప్రతి ఏడాదీ చలికాలం వస్తుంది" అన్న మాట పెద్దవాళ్లకు అనుభవం, ఆ పిల్లకు పుకారు. మూడు నెలల కాలం ఆమెకు ఒక యుగం. రెండు వారాలైతే అందుతుంది. మొన్న అమ్మమ్మ ఊరు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నిన్నటి దాకా అన్నంత దూరం.

పైగా ఒక్కో కార్తెకు ఒక్కో ఆనవాలు ఉంది. మే 25 ప్రాంతంలో వచ్చే రోహిణికి రోళ్లు పగిలే ఎండ. జూన్ 8 ప్రాంతంలో మృగశిర. ఆ రోజు తెలంగాణలో చేపల కూర వండని ఇల్లు తక్కువ. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి ఉబ్బసం రోగులకు మింగిస్తుంది. దాని గుణం మీద డాక్టర్లకు ఉన్న అభ్యంతరాలు అలా ఉంచితే, బతికున్న చేపను మనిషి మింగే రోజును ఏ పిల్లా మరిచిపోదు. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. ఒకటి రెండు మంచి వానలు పడ్డాక ఇసుక నేలల్లోంచి ఎర్రటి మఖమలు గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. వాటిని అగ్గిపెట్టెలో దాచుకోని బాల్యం ఒకప్పుడు పల్లెల్లో లేదు. కాళ్లు లెక్కపెట్టమంటే పిల్లలే చెప్తారు, ఎనిమిది. అంటే ఇది పురుగు కాదు, సాలీడుకు చుట్టం. తడి నేలలోంచి ఉసుళ్లు లేచే వేళకు వీటికి విందు. కార్తెను, వానను, పురుగును, దాని తిండిని ఒక్క ముడిలో చెప్పే ఇలాంటి పాఠం ఏ చార్టు కంపెనీ అచ్చు వేయగలదు?

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు: ఇదంతా పల్లె వ్యవహారం, అపార్ట్‌మెంటు పిల్లలకు రోలూ లేదు, రోహిణీ లేదు. కొంత నిజమే. కానీ బజారు ఇంకా కాలాన్ని పూర్తిగా మరిచిపోలేదు. సూపర్‌మార్కెట్లో యాపిల్ పన్నెండు నెలలూ ఒకేలా మెరుస్తుంది గానీ, రోడ్డు పక్క తోపుడు బండి మాత్రం ఇప్పటికీ నిజమే చెప్తుంది. రేగుపళ్ల బండి వచ్చిందంటే సంక్రాంతి దగ్గర పడింది. ముంజలొచ్చాయంటే పరీక్షలైపోయాయి. నేరేడుపళ్ల బుట్ట కనిపిస్తే బడి తెరిచారు. మొక్కజొన్న కంకులు బొగ్గుల మీద కాలుతున్నాయంటే ముసురు పట్టింది. పాలమూరు సీతాఫలాలు దిగితే బతుకమ్మ వచ్చేసింది. వారానికోసారి పిల్లను వెంటబెట్టుకుని రైతుబజారుకు వెళ్లే నాన్న చెప్పినంత బాగా కాలాల పాఠాన్ని ఏ టీచరూ చెప్పలేరు, ఆయన నోరు విప్పకపోయినా సరే.

బజారు నుంచి ఒకే ఒక్క చెట్టును ఎంచుకోమంటే తాటిచెట్టును ఎంచుకోవాలి. ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో లేత కాయ చెక్కితే ముంజలు. వేలు పెట్టి నీళ్లు చిందించుకుంటూ తినడం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ముంజలు తీసేసిన కాయ బుర్రలు రెండు, మధ్యలో ఒక పుల్ల, తోయడానికి ఒక కర్ర ఉంటే బండి తయారు. కోయకుండా వదిలేసిన కాయ చెట్టు మీదే ముదిరి, భాద్రపదం నాటికి పండి దబ్బున రాలుతుంది. ఆ వాసన వీధి చివరికి కొడుతుంది. పీచులోంచి పసుపు గుజ్జు పిండి, బియ్యపు పిండితో కలిపి రొట్టె కాలుస్తారు, గారెలు వేస్తారు. తినేశాక టెంకలను పారేయరు. పెరట్లో ఒక మూల మట్టిలో పాతర వేస్తారు. చలికాలంలో తవ్వితే తేగలు. కుండలో కాల్చో, ఉడకబెట్టో, పీచు తీస్తూ నమలాలి. తేగను నిలువునా చీలిస్తే మధ్యలో ఉండే లేత మొలకను గోదావరి జిల్లాల పిల్లలు చందమామ అంటారు, దానికోసం కొట్టుకుంటారు. టెంకను కత్తితో పగలగొడితే లోపల దూదిముద్దలాంటి తియ్యటి గుంజు. ఆ తేగను తవ్వకుండా వదిలేస్తే అదే కొత్త తాటిమొక్క.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ముంజ, పండు, తేగ మూడు వేర్వేరు తినుబండారాలని పిల్లలు అనుకుంటారు. మూడూ ఒకే గింజ వయసులని తెలిసిన రోజున కాలం అంటే ఏమిటో వాళ్లకు తెలుస్తుంది. ఎండలో నీళ్లలా ఉన్నది వానలో రాయిలా గట్టిపడి, చలిలో మొలకెత్తింది. ఋతుచక్రం అన్న పెద్ద మాట వాడకుండానే దాన్ని నాలుక మీద పెట్టొచ్చు.

ఆటలూ అంతే. తాటిబుర్రల బండి ఎండలకు. కాగితప్పడవలు జులైకి. మామిడిపండు తిని విసిరేసిన టెంక తొలకరికి మొలకెత్తితే, దాని జీడిని రాతి మీద అరగదీసి ఊదే బూర ఆషాఢానికి. వానలు వెనకబట్టాక చేల మీద తూనీగలు. ధనుర్మాసంలో ఆవుపేడతో చిన్న చిన్న పిడకలు చేసి, నడుమ చిల్లి పెట్టి, ఎండబెట్టి, దండ గుచ్చి భోగిమంటలో వేయడం. ఆ వెంటనే గాలిపటాలు. వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రి కోసం చేలగట్లు, ముళ్లకంపలు వెతకడం ఒక ఆటే. పిల్లలు మాచిపత్రికీ, మారేడుకూ తేడా నేర్చుకునేది ఆ ఒక్క పూటే. ఇప్పుడు పత్రి కట్టగా బజార్లో దొరుకుతోంది. సౌకర్యమే. ఆ కట్టలో ఇరవై ఒక్క రకాలూ ఉండవన్నది అమ్మేవాళ్లకీ తెలుసు, కొనేవాళ్లకీ తెలుసు.

పెద్ద కవులు కూడా కాలాన్ని ఇంత దగ్గరగానే చూశారు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని వర్ణిస్తూ వంటింట్లోకి వెళ్లాడు. ముసురులో నిప్పు ఆరిపోయి, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ల అవస్థను, తడికట్టెలతో పడే పాట్లను పద్యంలో పెట్టాడు. సామ్రాజ్యం ఏలేవాడికి పొయ్యి దగ్గరి పొగ కనబడింది. మన పాఠ్యపుస్తకాల వానాకాలానికి మాత్రం నెమలి, ఇంద్రధనుస్సు తప్ప మరేమీ కనబడవు. ఆరని బట్టలు, బూజు పట్టిన బడి బూట్లు, నిండిన డ్రైనేజీ, కరెంటు పోయిన రాత్రి కప్పల గోల: ఏ పిల్లను అడిగినా వానాకాలమంటే ఇవే చెప్తుంది.

బడి గోడల మధ్య ఇది సాధ్యమా అంటే, సాధ్యమేనని చూపించినవాళ్లున్నారు. రవీంద్రనాథ్ ఠాకూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టి చెట్ల కింద పాఠాలు చెప్పించాడు. అక్కడ వానను ఆహ్వానించే వర్షామంగళ్, నాగలి పూజ హలకర్షణ్, మొక్కలు నాటే వృక్షారోపణ్ ఏటా జరిగే పండగలు. వీటన్నింటికీ ముందు, 1907లో, అక్కడ మొట్టమొదటి ఋతు ఉత్సవాన్ని మొదలుపెట్టింది పెద్దవాళ్లు కాదు. కవి చిన్నకొడుకు, పదేళ్ల శమీంద్రనాథ్. తోటి పిల్లలను పోగుచేసి ఋతువుల వేషాలు కట్టించాడు. ఆ ఏడాదే కలరాతో చనిపోయాడు. తర్వాతి కాలంలో లక్షలమంది చూడ్డానికి వెళ్లిన శాంతినికేతన్ వసంతోత్సవం వేర్లు ఆ పిల్లవాడి ఆటలో ఉన్నాయి.

ఈ మధ్య కాలానికి వస్తే, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ నడిపే సీజన్‌వాచ్ ఉంది. అందులో చేసే పని చాలా చిన్నది. ఒక చెట్టును ఎంచుకోవాలి. వారానికోసారి దాని దగ్గరికెళ్లి లేతాకులున్నాయా, పండుటాకులున్నాయా, మొగ్గ, పువ్వు, కాయ ఏ మేరకు ఉన్నాయో రాసి పంపాలి. కేరళలో బడిపిల్లలు దీన్ని పెద్ద ఎత్తున చేస్తున్నారు. విషు పండక్కి, అంటే ఏప్రిల్ మధ్యకు పూయాలని అందరూ అనుకునే కొన్న చెట్టు వేరే నెలల్లోనూ పూస్తోందని వాళ్ల లెక్కల్లో బయటపడింది. కొన్న అంటే మన రేల. తెలుగు బళ్లలో ఆవరణలో వేపచెట్టు లేనిచోటు అరుదు. జూన్‌లో గోడకు ఒక పొడవాటి కాగితం అంటించి, ప్రతి సోమవారం ఆ వేప సంగతి ఒక బొమ్మగా గీయిస్తే, మార్చికి ఆకు రాల్చి, ఉగాదికి పూత పట్టేదాకా ఏడాది మొత్తం ఆ కాగితం మీదే కనిపిస్తుంది. ఖర్చు ఒక రంగుపెన్సిళ్ల డబ్బా. సిలబస్ అయిపోవాలన్న తొందర మాత్రం కాస్త తగ్గించుకోవాలి, అదే కష్టం.

విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలది మరో తమాషా. న్యూజెర్సీలో ఆ నాలుగు గళ్ల చార్టు అక్షరాలా నిజం, మంచుమనిషితో సహా. అక్కడ కథగా మిగిలేది మన ఉగాదే. ఎక్కడా వేపచెట్టు ఉండదు, పచ్చడిలోకి ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన ఎండు వేపపువ్వు. సిడ్నీలో వ్యవహారం పూర్తిగా తలకిందులు. అక్కడ మార్చి అంటే ఆకులు పండే కాలం మొదలు. పూజలో పురోహితుడు వసంత ఋతువు అని సంకల్పం చెప్తుంటే, బయట వేసవి వెళ్లిపోతుంటుంది. సంక్రాంతి మండుటెండల్లో వస్తుంది. అక్కడి తల్లిదండ్రులకు దీన్ని కప్పిపుచ్చాల్సిన పని లేదు. నాయనమ్మ వీడియో కాల్‌లో శాలువా కప్పుకుని కనబడుతుంటే తాను నిక్కరుతో చెమటలు కక్కుతున్న పిల్లవాడికి, భూమి ఒక పక్కకు వాలి తిరుగుతోందన్న సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

ఎందుకు అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడు అని చెప్పేసి చేతులు దులుపుకునే పెద్దలు చాలామంది. అది తప్పు. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అంటే మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో. బాగా దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. ఈ పొరపాటు మనవాళ్లదే అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1987లో తీసిన 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అనే చిత్రంలో హార్వర్డ్ పట్టా పుచ్చుకున్న రోజునే పట్టభద్రులను ఇదే ప్రశ్న అడిగితే, గౌనులు వేసుకుని, చిరునవ్వుతో, చాలామంది ఈ తప్పే చెప్పారు. ఋతువులకు కారణం ఇరుసు వాలడం. ఇరవై మూడున్నర డిగ్రీల వాలు. అయిదేళ్ల పిల్లకు ఈ మాట అందదు, అందించాలని ఆరాటపడకూడదు కూడా. అయితే తప్పు చెప్పకుండా ఉండొచ్చు. ఒకసారి నాటుకున్న తప్పును తర్వాత పీకడం ఎంత కష్టమో హార్వర్డ్ పట్టభద్రులను చూస్తే తెలుస్తుంది.

ఆ వయసుకు కారణం కన్నా నీడ మంచిది. పెరట్లోనో, మేడ మీదో ఒక కర్ర నిలబెట్టి, నెలకోసారి మిట్టమధ్యాహ్నం నీడ చివర సుద్దముక్కతో గీత గీయించండి. డిసెంబర్‌లో నీడ ఉత్తరంగా పొడుగ్గా సాగుతుంది. నెలనెలా కురచవుతూ వస్తుంది. హైదరాబాద్‌లో మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు పూర్తిగా మాయమవుతుంది. అక్కణ్నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా నీడ దక్షిణం వైపు పడుతుంది, అంటే సూర్యుడు మన నెత్తిని దాటి ఉత్తరానికి వెళ్లాడన్నమాట. తిరిగొచ్చేటప్పుడు ఆగస్టు 3న మళ్లీ ఒకసారి నీడ పోతుంది. లండన్ పిల్లలకు ఈ వింత జన్మలో దొరకదు. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న మనకు ఏటా రెండుసార్లు ఉచితం. తిరుపతిలో ఏప్రిల్ చివర్లో, విజయవాడలో మే 6 ప్రాంతంలో, విశాఖలో మే 10 ప్రాంతంలో.

ఆగస్టులో మబ్బు పట్టి ఉండే అవకాశమే ఎక్కువ కాబట్టి మే నెల తేదీని వదులుకోకండి. ఆ రోజు బడికి ఎలాగూ సెలవు. పన్నెండు కొట్టేసరికి ఒక స్టీలు గ్లాసు, ఒక చీపురుకట్ట, ఒక బొమ్మ పట్టుకుని పిల్లలతో మేడ ఎక్కండి. గ్లాసు నీడ గ్లాసు కిందికి ఎలా దూరిందో వాళ్లనే చూసి చెప్పమనండి. మేడ కాలిపోతుంటుంది, చెప్పులు మాత్రం వేయించండి.